ట్రాలీ ఎటు పోయింది

సోమవారం ఉదయం పదిన్నరకు మందుల గోడౌనులో ట్రాలీ లాగే మనిషిని సెక్యూరిటీ ఆఫీసరు పనిలోంచి పిలిపించి గేటు గదిలో కూర్చోబెట్టాడు. ఎవరికైనా ఫోను చేసుకోవాలంటే చేసుకోమన్నాడు.

అతను భార్యకు చేయలేదు. చెల్లెలికి చేశాడు.

"నీ వీడియో వీళ్లు చూశారు," అన్నాడు. "నేను సరుకు బయటికి తోసుకుపోతున్నానట అందులో. నువ్వొకసారి రా."

చెల్లెలు ఒక ప్రకటనల కంపెనీలో ఎడిటింగు చేస్తుంది. సబ్బులు, టైర్లు, నోటి పుళ్ల మందు. అది జీతానికి చేసే పని. ఈ వీడియో తన కోసం చేసుకున్నది. నిడివి నాలుగు నిమిషాలు. పేరు 'ముందుకు'. మూతపడిన ఒక ప్రింటింగు ప్రెస్సును ఎగ్జిబిషన్ హాలుగా మార్చారు. అక్కడ పక్క గోడ మీద కొన్నాళ్లుగా అది ఆగకుండా ఆడుతోంది. మాటలు లేవు, సంగీతం లేదు. ముగ్గురు మనుషులు కనబడతారు. ఆసుపత్రి వరండాలో తడిగుడ్డ పెట్టే ఆవిడ, తాడు పేనే మనిషి, ట్రాలీ లాగే అన్న. ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు కెమెరా వైపు నడిచి వస్తారు. పక్కన అతికించిన అట్టముక్క మీద ఒకే వాక్యం ఉంది: "తన అడుగు ఎక్కడ పడుతుందో మనిషికి కనబడడమే స్వేచ్ఛ."

అట్టముక్క మీద రాయని సంగతి ఒకటుంది. ఆ ముగ్గురిదీ వెనక్కి నడిచే పని. తుడిచిన చోటు తొక్కకూడదు కాబట్టి ఆవిడ వెనక్కి జరుగుతూ తుడుస్తుంది. తాడు పెరిగే కొద్దీ పేనేవాడు వెనక్కి పోతాడు. గోడౌను తలుపుకు ఇనుప గడప ఉంది. నిండు ట్రాలీని తోస్తే ముందు చక్రాలు గడపకు కొట్టుకుని పెట్టెలు దొర్లుతాయి. అందుకని మనిషి వీపు లోపలికి పెట్టి, ట్రాలీని తన మీదికి లాక్కుంటూ వెళ్తాడు. చెల్లెలు వాళ్లను అలాగే తీసి, వీడియోను చివరి నుంచి మొదటికి ఆడించింది. వెనక్కి నడిచినవాళ్లు ముందుకు నడిచారు. చూసేవాళ్లు తమంతట తాము కనిపెట్టాలని ఆ సంగతి రాయలేదు.

శుభ్రంగా ఉన్న నేల మురికి కావడం, తాడు దానంతటది విడిపోవడం చూసి కొందరు కనిపెట్టారు. ట్రాలీ దగ్గర కనిపెట్టడానికి ఏమీ లేదు. ముందు నిండు ట్రాలీ, వెనక మనిషి. గోడౌను లోపలి నుంచి బయటికి వస్తారు.

ఆ తలుపు సరుకు లోపలికి రావడానికే. బయటికి పోయేది అవతలి గేటు నుంచి, పాసు మీద పోతుంది. రెండు నెలల కిందట నిల్వ సరిచూసినప్పుడు ఒక పెట్టె తగ్గింది. నీలం పట్టీ వేసిన పెట్టె. నీలం పట్టీ అంటే కోల్డ్ రూములో ఉంచాల్సిన ఇంజెక్షన్లు. వీడియోలో ట్రాలీ మీద, అన్నిటికన్నా పైన, నీలం పట్టీ పెట్టె ఉంది.

చెల్లెలు ఆఫీసులో సెలవు పెట్టి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గేటు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు తాళాల బోర్డు ఉన్నాయి. అన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాపలాదారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతన్ని గోడౌనులో అందరూ మీసాల మామ అంటారు.

"రండి మేడమ్," అన్నాడు ఆఫీసరు. "మీ సినిమా చూశాను. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానట ఇన్నాళ్లూ. దొంగేమో గోడ మీద ఇంతెత్తు బొమ్మై ఆడుతున్నాడు, నేనేమో ఇక్కడ రిజిస్టర్లు తిరగేస్తున్నా."

"మా అన్న దొంగ కాదు సార్. అది తిరగేసిన వీడియో."

ఆమె లాప్‌టాప్ తెరిచి ఆ ముక్కను చివరి నుంచి ఆడించింది. అన్న వెనక్కి నడుచుకుంటూ, ట్రాలీ లాక్కుంటూ గోడౌను లోపలికి వెళ్లిపోయాడు.

ఆఫీసరు రెండుసార్లు చూశాడు.

"శనివారం నేను చూసినప్పుడు బయటికి పోయింది. ఇవాళ లోపలికొచ్చింది. ఇంకో రెండు రోజులాగితే పైకప్పు ఎక్కుతుందా?"

గుమ్మంలో మామ నవ్వబోయి ఆపుకున్నాడు.

"మీరు అది తిరగేశారో, ఇది తిరగేశారో నాకేం తెలుసమ్మా? మీ చేతిలో విద్య అది. కెమెరాలో తీసింది తీసినట్టు ఉంటుందిగా, మాటలతో సహా. అది తెండి. మాట వెనక నుంచి ముందుకు వినబడదు కదా. అప్పుడు తేలిపోతుంది."

"అవి లేవు సార్. చెరిపేశాను."

"అయ్యో. ఎంత శుభ్రం మీకు."

ఆమె చెప్పింది అబద్ధం. ఫైళ్లన్నీ ఆమె పనిచేసే చోట ఒక డ్రైవులో ఉన్నాయి. అబద్ధానికి కారణం గుమ్మంలో నిలబడి ఉంది. వీడియో ఒక్కసారి తీస్తే అయ్యేది కాదు. ట్రాలీ లోపలికి లాగింది సరిగా రాకపోతే మళ్లీ లాగాలి, మళ్లీ లాగాలంటే ముందు బయటికి తేవాలి. ఆ రోజు భోజనాల వేళ నిండు ట్రాలీ పాసు లేకుండా ఆ తలుపులోంచి చాలాసార్లు బయటికి వచ్చింది. రానిచ్చింది మీసాల మామ. రానివ్వడమే కాదు, అన్న మొహం మీద వెలుగు పడేలా తెల్లటి థర్మోకోల్ పలక పట్టుకుని నిలబడింది కూడా అతనే. ఫైళ్ల నిండా అతని గొంతు ఉంది.

"బుధవారం సాయంత్రం దాకా చూస్తాను," అన్నాడు ఆఫీసరు. "అసలుది వచ్చిందా, సరే. రాలేదా, ఈ ముక్క పోలీసు స్టేషనుకు పోతుంది. మందుల దొంగ అని ఒకసారి పేరు పడితే ఈయన్ను ఇంకే గోడౌనూ గడప తొక్కనివ్వదు. ఈలోగా ఇంటి దగ్గర ఉండమనండి."

ముగ్గురూ బయటికి వచ్చారు. అన్న ముందు నడిచాడు. మామ చెల్లెలి పక్కకు వచ్చాడు.

"అమ్మాయ్, నా కొంప ముంచవుగా?"

"అసలు వాళ్లకు ఆ వీడియో ఎవరు పంపారు మామా? హాలుకు మీ వాళ్లెవరూ రారే."

మామ మీసం సవరించుకున్నాడు. "పలక పట్టింది నేనే కదా అని, మా ఆవిడకు చూపిద్దామని ఫోనులో తీసుకున్నా. మా ఆవిడ వాళ్లక్కకు పంపింది. నేనేమో మన లోడింగువాళ్లకు పంపా. మన గోడౌను సినిమాలోకెక్కిందని పైన రాశా."

"మీరే పంపారా?"

"సంతోషంలో పంపానమ్మా. సంతోషానికి బుద్ధుంటుందా?"

అన్న ఇల్లు రెండో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను. వదిన పాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం చేస్తుంది. వాళ్లు వెళ్లేసరికి ఆమెకు సంగతి తెలిసిపోయింది. లోడింగు మనిషి భార్య ఒకావిడ ఫోను చేసి చెప్పింది.

"నాకు చివర తెలియాలి. ఊరందరికీ ముందు తెలియాలి," అంది వదిన మిషను ఆపకుండా. "స్వేచ్ఛ అట. ఉన్నవాడిని ఉన్నట్టు వదిలేస్తే స్వేచ్ఛగానే ఉండేవాడు కదా తల్లీ. పట్టుకెళ్లి గోడకెక్కించావు."

"వదినా, అది తిరగేసి..."

"తెలుసు, విన్నా. అసలుది చెరిపేశావట. నిజంగా చెరిపేశావా?"

చెల్లెలు అన్న వైపు చూసింది.

"ఆయన వైపెందుకు చూస్తావ్? చెరిపింది ఆయనా?"

"చెరపలేదు. కానీ దాంట్లో మామ గొంతుంది. ఇస్తే ఆయన ఉద్యోగం పోతుంది."

మిషను ఆగింది. "బాగుంది. పక్కింటాయనకు జలుబు చేస్తుందని మనింటి తలుపులు పీకి ఇచ్చినట్టుంది. రేపే తీసుకెళ్లి ఇచ్చెయ్."

"వద్దు," అన్నాడు అన్న.

"ఎందుకు వద్దు?"

"మామ పాపం పాతికేళ్లుగా..."

"మామను పక్కన పెట్టు. మామ పేరు చెప్పి నువ్వెందుకు వద్దంటున్నావు?"

"వద్దన్నానుగా," అని అతను లోపలి గదిలోకి వెళ్లాడు.

వదిన మళ్లీ మిషను తొక్కింది. చెల్లెలు వెళ్తుంటే వదిన మెట్ల దాకా వచ్చింది. గొంతు తగ్గించింది.

"నువ్వు వీడియో తీసిన వారం మీ అన్న సరిగా నిద్రపోలేదు. అడిగితే నడుం నొప్పన్నాడు. నేను నూనె రాశా. ఎక్కడ నొక్కినా అబ్బా అనలేదు. నడుం నొప్పి ఉన్నవాడు అట్లా ఉంటాడా?"

"అన్నయ్య తీశాడంటావా వదినా?"

"నేనేమీ అనట్లేదు. నువ్వు చూడు అందులో ఏముందో. చూసి ముందు నాకు చెప్పు. ఆయనకు కాదు, నాకు."

మంగళవారం ఆఫీసులో తోటివాళ్లు భోజనానికి వెళ్లాక చెల్లెలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫైళ్లు వరసగా ఆడించింది. ఎడిటింగు చేసినప్పుడు ఆమె వాటిని శబ్దం లేకుండానే చూసింది. వీడియోలో శబ్దం అవసరం లేదు కాబట్టి మొదటి రోజే తీసేసింది. మాటలు వినడం ఇదే మొదటిసారి.

మొదటి ఫైలులో ట్రాలీ మీద అన్నీ మట్టిరంగు పెట్టెలే. అన్న లోపలికి లాక్కెళ్లాడు. ఆ తరువాత ఆమె గొంతే వినబడింది.

"అంతా మట్టిరంగుగా ఉందన్నయ్యా. పైన ఏదైనా రంగుది పెట్టవా?"

"నీలం పట్టీది ఉంది. కానీ అది ఎండలో పెట్టకూడదే."

"ఒక్క నిమిషం అన్నయ్యా. తీసి లోపల పెట్టేద్దువుగాని."

మామ గొంతు: "పెట్టవయ్యా. కళగా ఉంటుంది. చెల్లెలు నోరు తెరిచి అడిగితే అదేదో కొండ మీది కోతిని తెమ్మన్నట్టు చేస్తావ్."

తరువాతి ఫైలు నుంచి నీలం పట్టీ ఉంది. ఒకసారి చక్రం గడపకు పట్టింది. ఒకసారి అన్న కెమెరా వైపు చూసి నవ్వాడు. ఒకసారి మామ పలక నీడ అడ్డం పడింది. ప్రతిసారీ ఆమె గొంతు "ఇంకొక్కసారి" అంది. ఎండ గోడ మీద నుంచి దిగి వాకిలి అంతా పరుచుకుంది. ఎగ్జిబిషనులో ఆడుతున్న ముక్క వీటిలోదే. వాటి తరువాత కెమెరా బాటరీ అయిపోయింది.

చివరి ఫైలు ఒకటి మిగిలింది. అది ఆమె ఎన్నడూ తెరవలేదు. కావలసింది అప్పటికే దొరికింది కాబట్టి తెరిచే పని పడలేదు. ఇప్పుడు తెరిచింది. అన్న ట్రాలీని లోపలికి లాగుతున్నాడు. పైన మట్టిరంగు పెట్టె ఉంది. నీలం పట్టీది లేదు.

ఆమె ఆ రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూసింది. మధ్యలో తాను బాటరీ కోసం బయట ఆపిన స్కూటరు దగ్గరికి వెళ్లింది. మామ టీ చెప్పడానికి వెళ్లాడు. ట్రాలీ దగ్గర అన్న ఒక్కడే ఉన్నాడు.

ఆమె వదినకు ఫోను చేసింది. వదిన అంతా విని, "రా," అని మాత్రం అంది.

సాయంత్రం ముందు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. వదిన మిషను మీద గుడ్డ కప్పి ఉంది. చెల్లెలు లాప్‌టాప్‌లో రెండు ఫైళ్లూ చూపించింది. అన్న రెండోది పూర్తిగా చూడలేదు.

"ఎక్కడ అమ్మావు?" అంది వదిన.

"అమ్మడమేంటే?"

"మరి ఎక్కడ పెట్టావు?"

"పాడైపోయిందది."

అతను చెప్పింది ఇది. నీలం పట్టీ పెట్టె మీద తెల్లటి చుక్క ఒకటి అతికించి ఉంటుంది. వేడి తగిలితే ఆ చుక్క నల్లబడుతుంది. నల్లబడితే లోపలి మందు పనికిరాదు. చెల్లెలు స్కూటరు దగ్గరికి వెళ్లినప్పుడు అతను పెట్టె వైపు చూశాడు. చుక్క నల్లగా ఉంది. పాడైన సరుకును ఇనుప వల అల్లిన జాలీ గదిలో పెడతారు, ఏడాదికి కొన్నిసార్లు తీసుకెళ్లి కాల్చేస్తారు. అందులో పెట్టాలంటే ఎలా పాడైందో చీటీ మీద రాసి అంటించాలి. ఏమని రాస్తాడు? చీటీ లేకుండా జాలీ పైనుంచి లోపలికి విసిరేశాడు.

"కోల్డ్ రూములో పెట్టేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదుగా," అంది చెల్లెలు.

"చుక్క గీకేసి పెట్టేయొచ్చు. పెడితే అది ఎవరికో పొడుస్తారు."

చెల్లెలు లాప్‌టాప్ మూసేసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది చెల్లెలు.

"నీ వీడియో అప్పటికింకా పూర్తి కాలేదు. చెబితే నువ్వు ఆపేస్తావు."

వదిన అతని మొహం వైపే చూస్తోంది. "అయితే దొంగవి కాదన్నమాట. తెలివితక్కువవాడివన్నమాట."

"అట్లాగే అనుకో."

"అది నాకు పెళ్లి నాడే తెలుసు. కొత్తగా తెలియాల్సింది దొంగవి కాదన్నది. అది చూస్తేగాని నమ్మను. పెట్టె అక్కడే ఉందని నువ్వంటున్నావు. ఉంటే నీ అదృష్టం. కాల్చేసి ఉంటే?"

"కాల్చడానికి తీసుకెళ్లే బండి ఇంకా రాలేదు," అన్నాడు అన్న. ఆ తరువాత, "వచ్చిందేమో తెలీదు. నిన్నటి నుంచి నేను లేనుగా," అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం చెల్లెలు డ్రైవును ఆఫీసరు బల్ల మీద పెట్టింది. ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి. వదిన కూడా వచ్చింది. ఆఫీసరు రెండో కుర్చీ ఆమెకు ఇచ్చాడు.

"చెరిపేసినవి మొలిచాయే," అన్నాడు.

అతను అన్నీ మాటలతో సహా విన్నాడు. మామ గొంతు వచ్చిన చోట ఆపాడు.

"ఇదెవరు?"

"నేనే సార్," అన్నాడు గుమ్మంలో మామ.

"కళగా ఉంటుందా?"

మామ గుమ్మం అవతలికి జరిగాడు.

మాటలు తిన్నగానే వినబడుతున్నాయి కాబట్టి ట్రాలీ లోపలికే వెళ్లిందని ఆఫీసరు ఒప్పుకున్నాడు. "లోపలికి వెళ్లింది సరే," అన్నాడు. "లోపలికి వెళ్లేలోగా బయటికెన్నిసార్లు వచ్చింది? వచ్చినప్పుడు నీలం పట్టీది ఎక్కడ దిగింది?"

అన్న జాలీ గది సంగతి చెప్పాడు.

"ఈ రెండు రోజుల్లో ఎవరైనా తెచ్చి విసిరి ఉండొచ్చు," అన్నాడు ఆఫీసరు. గోడకున్న బోర్డు నుంచి తాళం తీశాడు. మామను రావద్దన్నాడు.

జాలీ గది గోడౌను వెనక ఉంది. బండి రాలేదు. పెట్టెలు నడుం ఎత్తున పడి ఉన్నాయి. ఆఫీసరు అన్నను చేయి పెట్టనివ్వలేదు. లోడింగువాళ్లిద్దరిని పిలిచి పైనుంచి ఒక్కొక్కటే తీయించాడు. తీసిన ప్రతిదాని మీద చీటీలోని తేదీ తానే చదివాడు. వదిన జాలీ పట్టుకుని నిలబడింది. చెల్లెలు లాప్‌టాప్ సంచీ గుండెలకు హత్తుకుని వెనక నిలబడింది. పెట్టెలు తగ్గుతున్నాయి. మట్టిరంగువి, తడిసినవి, మూలలు నలిగినవి.

"ఏదయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"ఉండాలి సార్."

"ఉండాలంటే ఉండదు. ఉంటే ఉంటుంది."

గోడ మూలకు వచ్చాక నీలం పట్టీ కనబడింది. దాని మీద చీటీ లేదు. పైన ఉన్న పెట్టెల చీటీలు వీడియో తీసిన తరువాతి వారాలవి, అంటే ఇది ఈ రెండు రోజుల్లో విసిరింది కాదు. ఆఫీసరు దాన్ని బయట వెలుగులోకి తెప్పించి నాలుగు వైపులా తిప్పి చూశాడు. పెట్టె సీలు తెగలేదు. చుక్క నల్లగా ఉంది. పెట్టె నంబరు తగ్గిన పెట్టె నంబరుతో సరిపోయింది.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంటికి పద," అంది భర్తతో.

"ఆగండమ్మా," అన్నాడు ఆఫీసరు. "దొంగతనం కాదని తేలింది. ఏమిటో ఇంకా తేలలేదు. మందు పాడు చేయడమా, దాచడమా, పాసు లేకుండా సరుకు బయటికి తేవడమా? పైవాళ్లకు రాస్తాను. వాళ్లు చెప్పాలి."

"ఎప్పుడు చెబుతారు?"

"చెప్పినప్పుడు."

వీడియో ముక్క పోలీసు స్టేషనుకు వెళ్లలేదు. గురువారం మీసాల మామను ఆ గేటు నుంచి తీసేశారు. ఎక్కడ వేశారన్నది అతనికి ఇంకా చెప్పలేదు.

శుక్రవారం ఉదయం ట్రాలీ మనిషి ఎప్పుడూ వెళ్లే వేళకే వెళ్లాడు. కొత్త కాపలాదారు అతన్ని గేటు బయట ఆపి లోపలికి ఫోను చేశాడు. పంపించమని లోపలివాళ్లు అనలేదు. పంపొద్దని కూడా అనలేదు. కాపలాదారు పదకొండు దాటాక ఇంకోసారి చేశాడు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినప్పుడు అతను గేటు బయటే నిలబడి ఉన్నాడు.